రంగుల గదికి తాళం

"ఇదుగో, ఈ కంచం మళ్లీ వెనక్కి వచ్చింది," అంటూ నర్సమ్మ దాన్ని వంటింటి గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టింది. "నిన్న రాత్రీ ఇంతే. ఇవాళ పొద్దున్నా ఇంతే. ఆసుపత్రిలో ఎంతమంది మొండి రోగుల్ని చూశానో. వాళ్లు కనీసం ఆకలేస్తే అడిగేవాళ్లు. నా తమ్ముడు అడిగే రకం కూడా కాదు."

పెద్ద మేడం పొయ్యి మీద పొంగిపోయిన టీని గుడ్డతో తుడుస్తోంది. బడిలో పిల్లలూ పంతుళ్లూ అందరికీ ఆమె పెద్ద మేడమే. ఈ వంటింట్లో మాత్రం ఆడపడుచు ముందు తలెత్తలేని మరదలు.

"నన్నేం చేయమంటారు వదినా?"

"నేను చేయమనేదేముంది అమ్మాయ్? చేసేది నువ్వు చేసేశావుగా."

ముందుగదిలో ఆ తమ్ముడు, మాస్టారు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పెద్ద మేడం గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆయన అద్దంలోంచి ఆమెను చూసి, చూపు కూతురి వైపు తిప్పాడు.

"మైనా, మీ అమ్మకి చెప్పు. స్కూటర్ తాళాలు మేకుకే ఉన్నాయి. ఆవిడ తీసుకెళ్లొచ్చు. నేను బస్సులో వెళ్తాను."

పదో తరగతి చదివే ఆ పిల్లకి మైనా అని పేరు పెట్టింది నర్సమ్మే. మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూయలేదని.

"అమ్మ పక్కనే ఉంది నాన్నా. చెవులు కూడా పనిచేస్తున్నాయి," అంది మైనా, జడ వేసుకుంటూ.

ఎవరూ నవ్వలేదు. మైనా జడ మీదకి తల వంచేసింది.

"నాతో మాట్లాడండి," అంది పెద్ద మేడం. "తిట్టండి పోనీ."

"తిట్టడానికేముంది? నువ్వు పెద్ద మేడానివి. నేను నీ బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. చిత్రకళ సెక్షను ఎత్తేస్తున్నారన్న మాట స్టాఫ్ మీటింగులో అందరితో పాటే విన్నాను." ఆయన చివరి గుండీ పెట్టుకున్నాడు. "పక్కన కూర్చున్న డ్రిల్లు మాస్టారు నా భుజం తట్టాడు. 'ఎంత పెద్ద మనసండీ మీది, ఒప్పుకున్నారు' అన్నాడు. నాకు ముందే తెలుసనుకున్నాడు పాపం. నేను నవ్వాను. ఇంకేం చేయను?"

ఆమెకు ఆ నవ్వు గుర్తుంది. బల్ల ఇటు చివర నుంచి చూసింది. చూసి, చేతిలో కాగితాలు సర్దుకుంది.

"ముందే చెబ్దామనే అనుకున్నానండీ. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాలుగు సెక్షన్లలో ఒకటి మీరే తీసేయండి, లేకపోతే సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ నాలుగూ మేమే తీసేస్తాం, మీది కూడా అన్ని బళ్లలాంటి బడే అవుతుంది అన్నారు పైవాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"అది అర్థమైంది. ఒక్కటే అడుగుతాను. మొగుడిగా కాదు, మాస్టరుగా. నాలుగింటిలో నాదే పనికిరానిదని ఎత్తేశావా?"

ఆమె చేతిలోని గుడ్డని మడతలు పెట్టింది.

"చెప్పు. ఔనను, ఊరుకుంటాను. బడి వదిలేశాక కూడా పిల్లలు ఇళ్లకి పోకుండా ఏ గదిలో కూర్చుంటారు? బయట పోటీలకి వెళ్తే ఎవరి పిల్లలు గెలిచి వస్తారు? నాటకం సెక్షనులో వేషాలకి మనుషులు చాలక ఆడపిల్లలకి మీసాలు పెడుతున్నారు."

"నాకే పెట్టారు," అంది మైనా, నెమ్మదిగా.

పెద్ద మేడం గుమ్మం పట్టుకుంది. "నాటకం పేరు రాసి మీది ఉంచితే, మొగుణ్ని కాపాడుకుంది అంటారండీ. రేపు ఆ కుర్చీలో ఎలా కూర్చోను? ఏ పిల్లాణ్ని ఏమనగలను?"

"అదీ సంగతి." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆమెకి. "నీ మీద మచ్చ పడకూడదు. అందుకని నా పిల్లల్ని బలిపెట్టావు. అది న్యాయం కాదు. దాన్ని నువ్వు న్యాయం అనుకుంటున్నావు చూడు, అక్కడే నాకు కడుపు మండుతోంది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వీధి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన కోపం అంతే. తలుపులకి కూడా వినపడదు.

నర్సమ్మ వంటింట్లోంచి కంచం తెచ్చి మరదలి ముందు పెట్టింది.

"తిను. ఇద్దరూ కడుపు మాడ్చుకుంటే నేను వండడం దేనికి?"

* * *

బడి గేటు దగ్గర స్కూటర్ ఆపేసరికి పాటల టీచరమ్మ ఎదురొచ్చింది. మొహం మీద మాట్లాడే మనిషి. ఈ బడిలో పెద్ద మేడాన్ని 'ఏమే' అనగల మనిషి ఆమె ఒక్కతే. ఇద్దరూ ఉద్యోగంలో ఒకేసారి చేరారు.

"మీ ఆయన ఇవాళ సెలవు పెట్టాడు. తెలుసా?"

తెలియదు. "ఆఁ, ఏదో పనుందన్నారు," అంది పెద్ద మేడం.

"సరే. జనం ఏమనుకుంటున్నారో అదైనా తెలుసా?"

"తెలుసు. మొగుణ్ని బలిచ్చిందని."

"ఛ, ఆ మాట ఎవరూ అనలేదే. మీ అమ్మాయి ఏ సెక్షను? నాటకమేగా? 'మొగుడి జీతం ఎక్కడికీ పోదు, ఎక్కడో ఓ బడిలో సర్దుతారు. కూతురి సెక్షను పోతే మళ్లీ వస్తుందా? అందుకే తెలివిగా దాన్ని నిలబెట్టింది' అంటున్నారు. నిన్న సాయంత్రమే స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వుకున్నారు."

పెద్ద మేడం స్కూటరుకి స్టాండు వేయబోయింది. అది పక్కకి ఒరిగితే పాటల టీచరమ్మే పట్టుకుంది.

కూతురి సంగతి ఆమెకు తట్టనే లేదు. పైవాళ్లకి సెక్షను పేరు రాసేటప్పుడు కళ్ల ముందు ఉన్నదంతా మొగుడే, మొగుడి గురించి అనబోయే మాటలే. ఏ నింద పడకూడదని ఇల్లు తగలబెట్టుకుందో ఆ నింద ఇంకో గుమ్మం గుండా నడిచి వచ్చి కూర్చుంది.

"నిజమా?" అంది పాటల టీచరమ్మ.

"కాదు."

"నాకు తెలుసులే. కానీ నిజం ఏమిటో నువ్వూ చెప్పలేవుగా."

రంగుల గది వరండా చివర ఉంది. చిత్రకళ సెక్షనుకి ఆ పేరు పిల్లలు పెట్టిందే. తలుపు తీసి ఉంది. మాస్టారు లేకపోయినా పిల్లలు వచ్చేశారు. ఎవరూ బొమ్మలు వేయడం లేదు. కుంచెలు కడిగి కిటికీ గట్టు మీద ఆరబెడుతున్నారు. గోడలకి అంటించిన బొమ్మల్ని మూలలు చిరగకుండా గోరుతో లేపుతున్నారు. ఆమెను చూసి అందరూ లేచి నిలబడ్డారు.

ఇంకో రోజైతే అల్లరి చేసేవాళ్లు. ఇవాళ ఆ మర్యాద చూడలేకపోయింది.

"మేడం, మా బొమ్మలు ఇంటికి తీసుకెళ్లొచ్చా?" అన్నాడు ఒకడు. "లేకపోతే అవి బడివా?"

"మీవే నాన్నా. తీసుకెళ్లండి."

"పెద్దది బస్సులో పట్టదు మేడం," అంది వెనక నుంచి ఒక అమ్మాయి. ఆ పిల్ల గోడంత కాగితం మీద తను రోజూ ఎక్కే బస్సు లోపలి భాగం వేసింది. నిలబడ్డవాళ్ల చేతులు, పట్టుకునే కడ్డీలు, కిటికీ మీద నిద్రపోయిన మొహాలు. తాపీ మేస్త్రీ కూతురు. ఊరి అవతలి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆ పిల్లని ఈ బడికి పట్టుకొచ్చింది పెద్ద మేడమే. దగ్గర్లో బడి ఉండగా అంత దూరం దేనికన్న తండ్రిని, కట్టుబడి జరిగే చోటికి వెళ్లి, ఇటుకల మీద కూర్చుని ఒప్పించింది.

"మా నాన్న వచ్చాడు మేడం," అంది ఆ పిల్ల. "మీ గది బయట కూర్చున్నాడు."

* * *

మేస్త్రీ పనికి వెళ్లే బట్టల్లోనే వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు తెల్లగా ఆరిపోయి ఉంది. కుర్చీ చూపిస్తే మరకలవుతాయని అంచు మీద కూర్చున్నాడు. కూతురు ఆయన వెనక నిలబడింది.

"టీసీ ఇప్పిస్తారేమోనని వచ్చాను మేడం. మా ఇంటి పక్క బడిలో వేసేస్తాను. బొమ్మలు లేకపోతే అక్కడున్న చదువే గదా ఇక్కడా."

"తొందరపడకండి. సంగీతంలోనో నృత్యంలోనో సర్దుతాను. సీటు నేను చూస్తాను."

మేస్త్రీ కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"నాకు పాట రాదు నాన్నా," అంది ఆ పిల్ల. కాళ్లవైపు చూసుకుని, "డాన్సు అసలు రాదు."

మేస్త్రీ చిన్నగా నవ్వాడు. "ఇంట్లో కూడా అంతే మేడం. నోట్లో మాట ఉండదు, చేతిలో ఏదో ఒకటి గీస్తూ ఉంటుంది. మొన్న నేను పూసిన పచ్చిగోడ మీద పుల్లతో బొమ్మ గీసింది. ఇంటాయన చూసి తిడతాడనుకున్నా. ఉంచేయమన్నాడు."

పెద్ద మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరేం బాధపడకండి," అన్నాడు మేస్త్రీ. "మీరు ఎంత పోట్లాడి ఉంటారో నాకు తెలుసు. మా కోసం ఆ ఎండలో ఇటుకల మీద కూర్చున్న మనిషి ఊరికే వదిలేస్తారా? పైవాళ్లు తీసేశాక మీరు మాత్రం ఏం చేస్తారు?"

ఆమె కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తీసేసింది నేనే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. తండ్రి వెనక నిలబడి ఆ పిల్ల తనకేసే చూస్తోంది. పిల్లలు బొమ్మ వేసేటప్పుడు ఎదుటి వస్తువుని చూసే చూపు. ఏం కనపడుతోందో దానికి.

"ఒక్కరోజు ఆగండి," అంది చివరికి. "రేపు చెప్తాను."

"రేపు స్లాబు పోస్తున్నాం మేడం. నేను రాలేను."

"మీ అమ్మాయిని పంపండి చాలు."

మేస్త్రీ లేచి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారానికి ఆమె చేతులు లేవలేదు.

వాళ్లు వెళ్లాక పై అధికారికి ఫోను చేసింది. ఆయన మీటింగులో ఉన్నాడన్నారు. మళ్లీ చేసింది. సాయంత్రం ఆయనే ఇంటికి చేస్తారన్నారు. విషయం ఏమని చెప్పమంటారని అవతల గుమస్తా అడిగితే, "నేను రాసింది మార్చుకోవాలి," అంది.

* * *

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో బల్ల గోడకి జరిపి ఉంది. మైనా మధ్యలో నిలబడి నాటకంలో తన మాటలు అప్పగిస్తోంది. మాస్టారు పక్కన కూర్చుని పుస్తకం పట్టుకుని, తప్పిన చోట అందిస్తున్నాడు. నర్సమ్మ ప్రేక్షకురాలు. తల్లి గుమ్మంలో కనపడగానే మైనా ఆగిపోయింది.

"ఆపకు," అన్నాడు తండ్రి. "ఎవరొచ్చినా ఆపకూడదు. స్టేజీ మీద ఉన్నట్టే."

"మీరిద్దరూ వినండి," అంది పెద్ద మేడం. సంచి కూడా దింపలేదు. "పొద్దున మీరడిగిన దానికి జవాబు చెప్తాను. లేదు. మీ సెక్షను పనికిరానిదని కాదు. నాలుగింటిలో నిలబడాల్సింది ఏదైనా ఉంటే ముందు అదే. న్యాయంగా రాయాల్సి వస్తే నాటకం రాయాలి. పిల్లలు లేరు, మాస్టారు రిటైరుకి దగ్గరపడ్డాడు, ఏటా ఒక్క నాటకం, అదీ సగం సగం. నాకు తెలుసు. తెలిసే మీది రాశాను."

నర్సమ్మ చప్పున మైనా వైపు తిరిగింది.

మైనా తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "అంటే మాది పోవాల్సింది?"

"ఔను."

"అది నా ముందే చెప్పాలా అమ్మా?"

"చెప్పకుండా చేసింది చాలు. తాపీ మేస్త్రీ కూతురు టీసీ కోసం వచ్చింది. నేను పోట్లాడి ఓడిపోయాననుకుంటున్నాడు వాళ్ల నాన్న. నన్నే ఓదార్చి వెళ్లాడు." సంచి కుర్చీలో పెట్టింది. "నేను మార్చేస్తాను. పైవాళ్లకి ఫోను చేశాను."

మైనా గోడకి ఆనుకుంది. "అయితే మార్చు," అంది. ఆ రెండు మాటలూ అనడానికి ఆ పిల్ల ఎంత తంటాలు పడిందో ముగ్గురికీ కనపడింది. "మీసాలు పెట్టుకోవడం తప్పుతుంది నాకు."

మాస్టారు పుస్తకం మూశాడు. "వద్దు."

"మీరేగా న్యాయం కాదన్నారు?" అంది పెద్ద మేడం.

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

ఫోను మోగింది. మాస్టారు లేచి అడ్డం రాబోయినట్టు ఒక్క అడుగు వేసి, ఆగిపోయాడు. ఆమె తీసింది.

"చెప్పండి మేడం," అన్నాడు అధికారి. "మార్చుకోవాలన్నారట. సెక్షను ఆర్డరు ఇంకా పైకి పోలేదు. మీరు ఏది రాస్తే అదే. కానీ చిత్రకళ మళ్లీ ఉంచడం మాత్రం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"మాస్టారు లేకుండా సెక్షను ఎలా నడుపుతారు? ఆయన పొద్దున్నే మా ఆఫీసుకి వచ్చి బదిలీ అడిగి తీసుకున్నారు. వెంటనే కావాలన్నారు. తొందరేముంది, ఆలోచించుకోండి అన్నాను. ఆలోచించుకునే వచ్చానన్నారు. ఆ బదిలీ మీద సంతకాలు కూడా అయిపోయాయి, ఇక రద్దు కాదు. మీ ఇద్దరూ అనుకునే చేశారనుకున్నానే?"

ఆమె కొత్త మాస్టర్ని ఇవ్వమని అడిగింది. కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసి ఎన్నాళ్లయిందో మీకు తెలియనిదా అన్నాడాయన. ఫోను పెట్టేశాక చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

"ఎక్కడికి?" అంది, వెనక్కి తిరగకుండా.

"ఏదో బడి. డ్రాయింగు వారానికి రెండు పీరియడ్లు. మిగతా టైములో లైబ్రరీ చూసుకోమన్నారు."

"నేను మార్చుకుంటానని మీకు తెలుసు."

"తెలుసు. నీతో కాపురం చేస్తున్నాను. తప్పు చేశాక నువ్వు నిద్రపోలేవు. మార్చుకుని, మైనా సెక్షను రాస్తావని కూడా తెలుసు." ఆయన నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. "పొద్దున నీతో అంత మాట అన్నానా, బస్టాపు దాకా వెళ్లేసరికి ఇలా అవుతుందని తట్టింది. మైనా మొహం కనపడింది. అందుకని దారి మూసేశాను."

"మరి మీ రంగుల గది పిల్లలో?"

మాస్టారు చేతిలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. ఆయన భుజాలు ఒక్కసారిగా ముసలివాడివైపోయాయి.

"బాగుంది," అంది నర్సమ్మ. కళ్లు ఒత్తుకుంటూనే అంది. "ఒకళ్లని మించి ఒకళ్లు త్యాగాలు. రోగి మంచం మీదుండగా మందు ఎవరు పోయాలని ఇద్దరు డాక్టర్లు మర్యాదలు చేసుకున్నట్టుంది. ఒరేయ్, ఆవిడ చెప్పలేదని రెండు రోజులు కడుపు మాడ్చుకున్నావు. మరి నువ్వు ఎవరికి చెప్పి వెళ్లావురా?"

అప్పుడు మైనా మాట్లాడింది. ఎప్పుడూ గలగలమనే గొంతు ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు వచ్చింది.

"నాన్నా, నిన్న రంగుల గది పిల్లలు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇవాళ అర్థమైంది. అమ్మ ఒక్కతే చేసిందనుకుంటే రేపటి నుంచి తలెత్తుకునేదాన్నేమో. ఇప్పుడు నువ్వు కూడా చేశావు. నా కోసం చేశావు. నేను అడిగానా?"

"మైనా..."

"తాపీ మేస్త్రీ కూతురు రేపు వస్తుంది కదా. దాన్ని పంపేసి నేను స్టేజీ ఎక్కి పాఠం అప్పగించినట్టు మాటలు చెప్పాలి. మీరిద్దరూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతారు. నా వల్ల కాదు. రేపు ఆ పిల్లకి టీసీ రాస్తే నాది కూడా రాసెయ్ అమ్మా. ఒకే పెన్నుతో పోతుంది."

తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

నర్సమ్మ బల్లని యథాస్థానంలోకి లాగబోయి, బరువుకి ఆగి, అక్కడే కూర్చుంది. ఆలుమగలిద్దరూ తలుపు దాకా వచ్చారు. స్టాఫ్ మీటింగు అయినప్పటి నుంచి ఒకళ్ల పక్కన ఒకళ్లు నిలబడడం ఇదే. లోపల ఏడుపు వినపడితే కొంత నయంగా ఉండేది. ఏమీ వినపడలేదు.

"నువ్వు పిలువు," అన్నాడు మాస్టారు, మెల్లగా.

"మీరు పిలిస్తేనే వింటుంది."

"నిన్నటిదాకా వినేది."

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. ఊళ్లో పిల్లలందరినీ పేరుపేరునా పిలిచి నచ్చజెప్పిన గొంతు ఆమెది. ఇప్పుడు బయటికి వచ్చి ఏం చెయ్యమని కూతుర్ని పిలవాలో తెలియక, అరచేయి చెక్కకి ఆనించి అలాగే నిలబడిపోయింది. పక్కన ఆయనా అలాగే నిలబడ్డాడు.